విష్ణుక్రాంతాన్ని గుర్తుపట్టడం: పువ్వు రంగు సంగతి చివర చూద్దాం

వినాయక చవితికి పత్రి కట్ట కొని, అందులో విష్ణుక్రాంతం ఏదని అడిగితే ఏదో ఒక ఆకు తీసి చేతిలో పెడతారు. చాలాసార్లు అది శంఖపుష్పం తీగ అయి ఉంటుంది. నర్సరీలో అడిగితే ముదురు నీలం పూలున్న కుండీ ఇస్తారు. అదీ విష్ణుక్రాంతం కాదు. అసలు మొక్క హైదరాబాద్ చుట్టుపక్కల మొరం నేలల్లో, బండల సందుల్లో, పలచటి చిట్టడవి అంచుల్లో వానాకాలమంతా పూస్తూనే ఉంటుంది. జానెడు ఎత్తు కూడా లేవదు కాబట్టి దాని మీదుగానే నడిచిపోతుంటాం.

దీని శాస్త్రీయ నామం ఎవోల్వులస్ ఆల్సినాయిడిస్. చిలగడదుంప, తూటికూరల కుటుంబమే. లిన్నేయస్ 1753లో దీన్ని కన్వాల్వులస్ ప్రజాతిలో చేర్చి, 1762లో విడదీసి ఎవోల్వులస్‌లో పెట్టాడు. ఎందుకు విడదీయాల్సి వచ్చిందో పువ్వు మధ్యలో కనిపిస్తుంది. అక్కడికి వచ్చినప్పుడు చూద్దాం, ఎందుకంటే గుర్తింపులో చివరి తాళం కూడా అదే.

ఎప్పుడు వెళ్లాలి

ఇది బహువార్షిక మొక్క. ఎండాకాలంలో పైన ఉన్న కాడలన్నీ ఎండిపోతాయి. నేలలో సన్నటి చేవదేరిన వేరు, దాని తలకాయ మాత్రం మిగులుతాయి. జూన్‌లో తొలకరి పడ్డాక ఆ తలకాయ నుంచే మళ్లీ కాడలు లేస్తాయి. హైదరాబాద్‌లో జులై నుంచి పూలు చూడొచ్చు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వెతకడం తేలిక. నవంబరు, డిసెంబరుల్లో పూలు తగ్గి కాయలు ఎక్కువవుతాయి. ఏప్రిల్, మేలలో వెళ్తే ఎండు పుల్లలు తప్ప ఏమీ ఉండవు, ఆ నెలల్లో గుర్తించే ప్రయత్నమే వద్దు.

రోజులో సమయం కూడా ముఖ్యమే. పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, మర్నాడు మళ్లీ తెరుచుకోదు. ఎనిమిది నుంచి పదకొండు లోపు వెళ్తే సరిగ్గా కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజైతే ఇంకాస్త సేపు ఉంటుంది. సాయంత్రం వాకింగ్‌లో వెతికి లేదనుకోవడం మామూలు పొరపాటు. మొక్క అక్కడే ఉంటుంది, పువ్వు ఉండదు.

ఎలాంటి నేలలో

ఎర్రటి చల్క నేల, మొరం, బండ మీద రెండు మూడు అంగుళాల మందాన పేరుకున్న ఇసుకమట్టి, వీటిలో చూడండి. ఎండ నేరుగా పడాలి, వాన నీళ్లు నిలవకూడదు, గడ్డి పొట్టిగా ఉండాలి. తంగేడు, సీతాఫలం, బలుసు పొదల మధ్య ఖాళీ జాగాలు మంచి చోట్లు. గుట్ట ఎక్కే కాలిబాట అంచులు ఇంకా మంచివి. మేకలు మేసిన చోట గడ్డి కురచగా ఉండి ఇది తేలికగా బయటపడుతుంది. గచ్చిబౌలి వైపు మిగిలిన రాతి గుట్టలు, ఉస్మానియా యూనివర్సిటీలో కట్టడాలు లేని మెట్ట, మౌలాలి, శామీర్‌పేట వైపు బండ నేలలు, వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి అంచులు ఇలాంటివే.

వయ్యారిభామ నడుము ఎత్తు పెరిగిన ప్లాట్లలో వెతకొద్దు, ఆ నీడలో ఇది బతకదు. నల్లరేగడిలో, రోజూ నీళ్లు పెట్టే పార్కు లాన్‌లో కనిపించిన చిన్న పువ్వు దాదాపు ఎప్పుడూ వేరే మొక్కే.

నిలబడి చూస్తే ఇది దొరకదు. ఒక చోట గొంతుకు కూర్చుని, చుట్టూ రెండు మీటర్ల నేల నిదానంగా చూసి, తర్వాత జరగండి. అయితే చెయ్యి పెట్టే ముందు కర్రతో గడ్డి కదిలించాలి. రక్తపింజర ఉండేది కూడా ఇలాంటి బండల దగ్గరే. మడమలు కప్పే బూట్లు వేసుకోండి. చెప్పులతో వెళ్తే వానాకాలం చివర్లో ముళ్ల గడ్డి గింజలు కాళ్ల నిండా గుచ్చుకుంటాయి.

చేతిలో 15 సెంటీమీటర్ల స్కేలు, 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉంటే చాలు. ఆ భూతద్దం నగల పనిముట్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది. అది లేకపోతే ఫోన్‌లో మాక్రో మోడ్ సరిపోతుంది. కొలత కోసం రూపాయి బిళ్ల పెట్టడం చాలామందికి అలవాటు. మన బిళ్లల సైజు ఒక్కో కాలంలో ఒక్కో రకం, తర్వాత ఫోటో చూసేవాళ్లకు ఏ బిళ్లో తెలియదు. స్కేలే నయం.

ముందు కాడ

పువ్వు కనిపించగానే దాని మీదికి వంగకండి. కాడ పట్టుకుని మొదలు దాకా వెళ్లండి. విష్ణుక్రాంతంలో ఒకే చోటి నుంచి, అంటే ఆ వేరు తలకాయ నుంచి, ఐదారు మొదలుకుని ఇరవై దాకా కాడలు నలువైపులా పరుచుకుంటాయి. ఒక్కోటి 20 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటుంది. సన్నగా, ఇనుప తీగలా బిర్రుగా ఉండి, వంచితే వెంటనే విరగదు. కొన్ని కాడలు నేలకు అంటుకుని పాకుతాయి, కొన్ని కొసల దగ్గర కాస్త పైకి లేస్తాయి.

ఇక్కడ రెండు పరీక్షలు. ఒకటి, కాడ దేన్నీ చుట్టుకోకూడదు. పక్కన గడ్డి పోచ ఉన్నా దాన్ని ఆసరా చేసుకుని మెలి తిరగదు. చుట్టుకుంటోందంటే అది ఈ కుటుంబంలోనే ఇంకేదో తీగ. రెండోది, కాడను మెల్లగా పైకి ఎత్తండి. మధ్యలో ఎక్కడా కణుపుల దగ్గర వేళ్లు దిగి ఉండకూడదు. మొదలు నుంచి కొస దాకా గాలిలోకి లేచి వస్తే సరే. కణుపు కణుపుకీ నేల పట్టుకుని ఉంటే మీరు చూస్తున్నది దీని అమెరికా చుట్టం, దాని గురించి కింద ఉంది.

కాడ మీద నూగు ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి పక్క నుంచి చూడండి. కాడ అంచు వెంట తెల్లటి వెంట్రుకలు పొడుగ్గా నిలబడి కనిపిస్తాయి.

ఆకు

చిన్న ఆకు. పొడవు ఒకటి నుంచి రెండున్నర సెంటీమీటర్లు, వెడల్పు మూడు నుంచి పది మిల్లీమీటర్లు. కోలగా ఉంటుంది, కొసన సూది మొనంత ముల్లు లాంటి చివర. తొడిమ ఉందా లేదా అన్నంత పొట్టి. ఒక ఆకు ఇటు, తర్వాతిది అటు, ఇలా మార్చి మార్చి వస్తాయి తప్ప ఎదురెదురుగా జతలుగా ఉండవు. అంచుకు గంట్లు లేవు.

అసలు గుర్తు ఆకు మీది వెంట్రుకలే. వేలితో రాస్తే పట్టులా మెత్తగా తగులుతుంది, గరుకుగా కాదు. వెంట్రుకలు ఆకు మీద పడుకుని ఉండటమే దానికి కారణం. ఎండ బాగా తగిలే బండ మీది మొక్కలో ఇవి ఎంత దట్టంగా ఉంటాయంటే మొక్క మొత్తం బూడిద పూసినట్టు వెండి రంగులో కనిపిస్తుంది. అదే మొక్క గడ్డి నీడలో పెరిగితే కాడలు సాగి, ఆకులు కొంచెం వెడల్పై, పచ్చగా ఉంటాయి. ఇవి రెండు వేరు జాతులని పొరబడేవాళ్లు ఉన్నారు. నీడలోని ఆకును కూడా భూతద్దం కింద పెట్టి చూడండి, వెంట్రుకలు పలచగానైనా ఉంటాయి. వాన తడి మీద అవి ఆకుకు అతుక్కుపోయి కనిపించవు కాబట్టి ఆకు ఆరాక చూడండి.

పువ్వు, దాని కాడ

మొదట పువ్వు కాడ కొలవండి. విష్ణుక్రాంతం పువ్వు ఆకు మొదట్లోంచి వచ్చే దారం లాంటి కాడ చివర ఉంటుంది. ఆ కాడ సాధారణంగా రెండున్నర నుంచి మూడున్నర సెంటీమీటర్లు, అంటే ఆకు కంటే పొడుగు. పై దాకా చూస్తూ వెళ్తే ఒక చోట నూలుపోగంత సన్నటి చిట్టి ఆకులు రెండు కనిపిస్తాయి. అక్కడ ఒకే పువ్వు ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడు. ఇంత చిన్న మొక్కకు ఇంత పొడుగు పూకాడ ఉండటం నర్సరీ మొక్కను తోసిపుచ్చడానికి చాలు.

పువ్వు అడ్డంగా ఐదు నుంచి పది మిల్లీమీటర్లు. చొక్కా గుండీ కంటే చిన్నది. ఐదు రేకలున్నట్టు అనిపిస్తుంది గానీ విడివిడి రేకలు కావు, అంతా కలిసి ఒకే పళ్లెం, అంచున ఐదు వంపులు. లేత నీలం, మధ్యలో తెలుపు. వెనక్కి తిప్పి చూడండి: మధ్య నుంచి అంచుల వైపు ఐదు సన్నటి పట్టీలు, వాటి మీద నూగు. మొగ్గలో ఈ పట్టీలే బయటికి ఉండి మిగతా భాగం లోపలికి మడత పడి ఉంటుంది. పువ్వు కింద ఐదు రక్షక పత్రాలు, మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు, మొన తేలి, నిండా వెంట్రుకలతో ఉంటాయి.

ఇప్పుడు పువ్వు మధ్యలోకి రండి. ఐదు కేసరాలు, తెల్లటి తలలు. వాటి మధ్య నుంచి రెండు కీలాలు, అంటే అండాశయం మీంచి లేచే సన్నటి కాడలు వస్తాయి, ఒక్కోటి మళ్లీ రెండుగా చీలుతుంది. కాబట్టి దారాల లాంటి నాలుగు కొసలు లెక్కకు రావాలి. కన్వాల్వులస్ మొక్కల్లో ఒకే కీలం ఉండి, దాని కొస మాత్రమే రెండుగా చీలి ఉంటుంది. ఎవోల్వులస్‌ను వేరు చేసింది ఈ తేడానే. పువ్వు చిన్నది కాబట్టి లెక్క తప్పడం సహజం. కేసరాలను కూడా కలిపి లెక్కపెట్టేస్తారు. కేసరానికి తల ఉంటుంది, కీలం కొసకు తల ఉండదు, సన్నగా పోతుంది. రెండు మూడు పూలలో చూసి నిర్ధారించుకోండి.

రంగును ఇంతసేపూ పక్కన పెట్టడానికి కారణం ఉంది. ఈ జాతిలోనే అరుదుగా తెల్ల పూలు పూసే మొక్కలుంటాయి. ఎండలో ఉన్న పువ్వు మధ్యాహ్నానికి వెలుస్తుంది. దానికి తోడు ఫోన్ కెమెరాలు లేత నీలాన్ని ఊదాగానో, కొన్నిసార్లు గులాబీగానో చూపిస్తాయి. మిగతా గుర్తులన్నీ సరిపోయి రంగు ఒక్కటే తేడా వస్తే రంగునే వదిలేయండి. రంగు సరిపోయి మిగతావి తేడా వస్తే మొక్కను వదిలేయండి.

కాయ

పూలు లేని వేళ కాయతో పని నడుస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి కాయ, నున్నగా ఉంటుంది. ఎండిన రక్షక పత్రాలు దాన్ని వదలకుండా అంటిపెట్టుకుని ఉంటాయి. కాయ పట్టాక కాడ కిందికి వంగుతుంది. ముదిరితే నాలుగు చెక్కలుగా పగులుతుంది, లోపల నల్లగా, గోధుమ రంగుగా నాలుగో, అంతకంటే తక్కువో గింజలు.

ఏవేవి మోసం చేస్తాయి

శంఖపుష్పం, అంటే దింటెన, దీనికి దగ్గరి పోలిక లేకపోయినా అందరికంటే ఎక్కువ గందరగోళం దీనితోనే, ఎందుకంటే చాలా ఇళ్లలో దీన్నే విష్ణుక్రాంతం అంటారు. అది చిక్కుడు కుటుంబం తీగ. ఆకు ఒక ఈనెకు ఐదో ఏడో చిట్టి ఆకులుగా ఉంటుంది. పువ్వు నాలుగైదు సెంటీమీటర్లు, ఒక పెద్ద రేక శంఖంలా పరుచుకుంటుంది. కాయ చిక్కుడు కాయలా చదునుగా ఉంటుంది. కంచెను పట్టుకుని ఎక్కుతోందంటేనే విష్ణుక్రాంతం కాదని తేలిపోతుంది. పూజకు ఏది వాడాలన్నది ఇంటి ఆచారం, అందులో వాదన అక్కర్లేదు. మొక్కలు మాత్రం రెండు వేరు.

నర్సరీ మొక్క ఎవోల్వులస్ గ్లోమెరేటస్. ఇది నిజంగానే అదే ప్రజాతి కాబట్టి అమ్మేవాళ్లను పూర్తిగా తప్పు పట్టలేం. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. పువ్వు దాదాపు రెండు సెంటీమీటర్లు, ముదురు నీలం, కొమ్మల చివర ఆకుల మధ్యే కూర్చున్నట్టు ఉంటుంది. పొడుగు పూకాడ ఉండదు. ఆకులు కూడా పెద్దవి. కీలం కొసలు ఇక్కడా నాలుగే, కాబట్టి ఆ పరీక్ష దీని దగ్గర పనిచేయదు. పూకాడ పొడవు, పువ్వు వెడల్పు చూడాలి.

లాన్‌లలో, కుండీల్లో, తడిగా ఉండే గోడ వారన కనిపించేది ఎవోల్వులస్ న్యుమ్యులేరియస్. ఇదీ అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిందే. ఆకు గుండ్రంగా నాణెంలా ఉంటుంది, పువ్వు తెలుపు, కణుపు కణుపుకీ వేళ్లు. విష్ణుక్రాంతంలోని తెల్ల పూల రకం దొరికిందని సంబరపడే ముందు ఆకు ఆకారం చూసి, కాడ ఎత్తి చూడండి.

కన్వాల్వులస్ ప్రోస్ట్రేటస్ ఉత్తరాదిలో శంఖపుష్పిగా వాడే మొక్క. ఆయుర్వేద ఫార్మకోపియాలో శంఖపుష్పి పేరుకు స్వీకరించింది కూడా దీన్నే, కన్వాల్వులస్ ప్లూరికాలిస్ అనే పేరుతో. రాజస్థాన్, గుజరాత్ లాంటి మెట్ట ప్రాంతాల్లో ఎక్కువ. పువ్వు తెలుపు నుంచి లేత గులాబీ. ఇదీ నేల మీద పరుచుకుంటుంది, ఇదీ వెంట్రుకలతో ఉంటుంది. దూరం నుంచి తేడా చెప్పడం కష్టం. ఇక్కడ కీలం లెక్క ఒక్కటే నమ్మకమైనది. శంఖపుష్పి పేరుతో వచ్చే పొడిలో ఇది, విష్ణుక్రాంతం, దింటెన, ఈ మూడింటిలో ఏదైనా ఉండొచ్చు. పొడి అయ్యాక కంటితో తేల్చలేం కాబట్టి, బయట కోసుకొచ్చిన మొక్కను మందుగా వాడే ఆలోచన పెట్టుకోకండి.

నీలం రంగే ఉన్న మిగతావాటిని త్వరగా తీసేయొచ్చు. వెన్నదేవి కూరలో పైకి కనిపించేవి రెండే పెద్ద నీలి రేకలు, కింద చిన్న మూడోది, పువ్వు ఒక దొన్నె లాంటి ఆకులోంచి వస్తుంది. దాని బంధువులైన సయనోటిస్ మొక్కలకు మూడు రేకలు, కేసరాల నిండా నీలి నూగు. ఈ రెంటికీ ఆకు మొదలు కాడను గొట్టంలా చుట్టుకుని ఉంటుంది. గువ్వగుత్తి పువ్వు లేత నీలమే గానీ తల కిందికి వేలాడుతుంది, ఆకు ముట్టుకుంటే గరుకుగా గుచ్చుకుంటుంది, కేసరాలు మధ్యలో మెలి తిరిగి మొనలా నిలబడతాయి.

ఫోటోలు

తర్వాత ఎవరికైనా చూపించి అడగాలంటే ఒక్క పువ్వు ఫోటోతో పని జరగదు. ఐనాచురలిస్ట్ లాంటి యాప్ అయినా, మొక్కలు తెలిసిన మనిషి అయినా మీరిచ్చిన ఫోటోలో ఉన్నదే చూడగలరు. మొదలు, నేల కలిసి వచ్చేలా మొక్క మొత్తం ఒకటి. స్కేలు పక్కన పెట్టి కాడ, ఆకు, పూకాడ మూడూ కనిపించేలా ఒకటి, ముఖ్యమైనది ఇదే. పువ్వు ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి. కాయ ఉంటే కాయ. ఎండలో తీసేటప్పుడు మీ నీడ మొక్క మీద పడేలా నిలబడండి, లేదంటే నీలం తెల్లగా కాలిపోయి వస్తుంది. ఫోకస్ వెనక గడ్డి మీదికి పోతుంటే ఒక అరచేయి పువ్వు వెనక పెట్టండి.

కోయాల్సి వస్తే

కేబీఆర్ పార్కు, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి నుంచి ఆకు కూడా తెచ్చుకోకూడదు. చూసి, ఫోటో తీసుకుని రండి.

బయట సొంత జాగాలోనో, అనుమతి ఉన్న చోటో పత్రి కోసం కావాలంటే కత్తెరతో కొసలు కత్తిరించండి. ఒక మొక్కకు రెండు మూడు కొసలు, ఒక్కోటి ఐదారు సెంటీమీటర్లు చాలు. చేత్తో లాగితే కాడ తెగదు, బిర్రుగా ఉంటుంది కాబట్టి వేరు తలకాయతో సహా ఊడొస్తుంది. మళ్లీ చిగురించేది ఆ తలకాయ నుంచే. అది పోతే మొక్క పోయినట్టే, తెచ్చి కుండీలో పాతినా బతకడం అరుదు, ఎందుకంటే సగం వేరు బండ సందులోనే తెగి ఉండిపోతుంది.

ఇంట్లో పెంచాలనుకుంటే గింజలతో ప్రయత్నించాలి. కాయ గోధుమ రంగుకు తిరిగి, ఇంకా పగలక ముందు కోసి కాగితం పొట్లంలో ఉంచండి. ఈ కుటుంబం గింజలకు పెంకు గట్టి, నీళ్లు లోపలికి దిగవు. నాటే ముందు గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, ఒక రాత్రి నానబెట్టండి. ఎనిమిది అంగుళాల కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక. పశువుల ఎరువు పిడికెడు మించొద్దు, ఎక్కువైతే కాడలు సాగి పూలు తగ్గుతాయి. కుండీ పూర్తి ఎండలో ఉండాలి. పై అంగుళం మట్టి ఎండాకే నీళ్లు పోయండి. ఎండాకాలంలో కాడలు ఎండిపోతే చచ్చిందని పారేయకండి, వారానికోసారి కొద్దిగా తడిపి జూన్ దాకా అలాగే ఉంచండి.